మెదడుకు పట్టే తుప్పు: మన పెద్దల కోసం మన డబ్బు ఎక్కడ ఖర్చు కావాలి?

(కార్వేటినగరంలో సంఘం వార్షిక సమావేశంలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీ పెద్దలు మమ్మల్ని కోరారు. విషయం ఏది తీసుకోవాలా అని పెద్దగా ఆలోచించవలసిన పని లేకపోయింది. సంఘానికి సాయం కోసం వచ్చే ఇళ్లలో ఈమధ్య తరచుగా కనిపిస్తున్నది ముసలివాళ్ల జబ్బు. నానాకు చెయ్యి వణుకుతుంది. దాదీ ఇప్పుడే అన్నం తిని, ఇంకా పెట్టలేదని అడుగుతుంది. అలాంటి ఇంట్లో అలమారా తెరిస్తే ‘యాంటీ ఆక్సిడెంట్’ అని రాసిన పొడి డబ్బా ఒకటి, మెదడుకు బలం అని రాసిన టానిక్కు ఒకటి కనిపిస్తాయి. బీపీ మాత్రలు మాత్రం అయిపోయి ఉంటాయి. డబ్బు డబ్బాకు పోయింది, మాత్రకు మిగల్లేదు. మా మాటల సారం ఇంతే. ఆ డబ్బా మీద రాసిన శాస్త్రంలో నిజం ఎంత, ఆ శాస్త్రం మనల్ని నిజంగా ఏం చేయమంటున్నది, ఈ రెండూ తెలిస్తే ఇంటి డబ్బూ సంఘం డబ్బూ సరైన చోటికి వెళ్తాయి.

ఆ డబ్బా మీద ఉండే మాట ఆక్సిడేటివ్ స్ట్రెస్. తెలుగులో ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు. పేరు పెద్దదే గాని, దాని పని మన వంటింట్లో రోజూ చూస్తున్నదే. వంకాయ కోసి గాలికి వదిలేస్తే ముక్కలు నల్లబడతాయి, అందుకే మన ఆడవాళ్లు ఉప్పునీళ్లలో వేస్తారు. వేరుశనగ నూనె మూత పెట్టకుండా నెలల తరబడి ఉంచితే వాసన మారిపోతుంది. బావి దగ్గరి ఇనుప గిలకకు తుప్పు పడుతుంది. మూడింటిలోనూ పనిచేసింది ఆక్సిజనే. మనల్ని బతికించే ప్రాణవాయువే తాకిన వస్తువును మెల్లగా మారుస్తుంది.

ఇదే పని మన ఒంట్లోనూ జరుగుతుంది. తిన్న అన్నం, పీల్చిన గాలి కలిసి శక్తిగా మారే చోటు కణాల లోపల ఉంటుంది. మైటోకాండ్రియా అనే ఆ చిన్న గదులు కణానికి పొయ్యి వంటివి. అక్కడ తయారయ్యే శక్తిని ఒంట్లో అంతటా చెల్లే నాణెం అనుకోండి, దాని పేరు ఏటీపీ. దీన్ని కనిపెట్టినవారిలో మన తెలుగువాడు ఉన్నాడని పిల్లలకు చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీ సంగతి ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనిపెట్టాడు.

పొయ్యి అన్నాక నిప్పురవ్వలు లేస్తాయి. ఈ పొయ్యిలోనూ ఆక్సిజన్‌లో కొద్ది భాగం దారి తప్పి రవ్వల్లాంటి పదార్థాలుగా మారుతుంది. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్కనున్న కొవ్వును, ప్రోటీనును, చివరకు మన వారసత్వం రాసి ఉన్న డీఎన్ఏను కూడా కాలుస్తాయి. రవ్వలను ఆర్పే కాపలాదారులు కూడా ఒంట్లోనే ఉన్నారు. అందులో ముఖ్యమైన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ చేసే పనిని 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. కెటలేజ్, గ్లూటాథయోన్ అనేవి ఇంకో రెండు. రవ్వలు ఎక్కువై కాపలా చాలకపోతే వచ్చే స్థితికి 1985లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ సీస్ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ రవ్వలన్నీ శత్రువులు కావు. రోగక్రిములు ఒంట్లోకి వస్తే తెల్ల రక్తకణాలు వాటిని చంపేది ఇలాంటి రవ్వలతోనే. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కూడా ఇవి కొంత కావాలి. కాబట్టి రవ్వ అనేదే లేకుండా ఆర్పేస్తాం అని ఎవరైనా చెబితే, ఆ మాట దగ్గరే ఆగి ఆలోచించాలి.

ఇక మెదడు సంగతి. ఈ దెబ్బ మెదడుకే ఎందుకు ఎక్కువ? నాలుగు కారణాలున్నాయి.

మొదటిది, మెదడు తిండిపోతు. ఒంటి బరువులో దాని వంతు నూటికి రెండు పాళ్లు. మనం పీల్చే ఆక్సిజన్‌లో మాత్రం నూటికి ఇరవై పాళ్లు అదే వాడుకుంటుంది. పొయ్యి ఎంత మండితే రవ్వలు అంత. రెండవది, మెదడులో కొవ్వు ఎక్కువ, అదీ నూనెలాగా సులభంగా చెడే రకం కొవ్వు. మూడవది, కాపలా తక్కువ. కాలేయంలో ఉన్నంత కెటలేజ్ మెదడులో లేదు. పైగా కొన్ని చోట్ల ఇనుము పోగవుతుంది, అది రవ్వలను మరింత రాజేస్తుంది. నాలుగవది అన్నిటికన్నా పెద్దది. చర్మం కోసుకుంటే కొత్త చర్మం వస్తుంది. మెదడులో సుమారు 8,600 కోట్ల నరాల కణాలున్నాయి గాని, పోయినవాటి స్థానంలో కొత్తవి దాదాపు రావు. అరవై ఏళ్లప్పుడు పనిచేసే కణం మనతోపాటు పుట్టిన కణమే.

చేతుల వణుకు వచ్చేది మెదడు అడుగున ఉన్న ఒక చిన్న చోటు దెబ్బతినడం వల్ల. కోసి చూస్తే అది నల్లగా కనిపిస్తుంది, అందుకే లాటిన్‌లో సబ్‌స్టాన్షియా నైగ్రా, అంటే నల్లని పదార్థం అన్నారు. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాన్ని తయారుచేస్తాయి. మన కదలికలు తడబడకుండా సాగేది దానివల్లే. చిక్కు ఏమిటంటే, డోపమిన్ తనంతట తానే ఆక్సీకరణ చెందుతుంది. అది అరిగేటప్పుడు కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఇనుము కూడా అక్కడే ఎక్కువ. అంటే ఆ కణాలు జీవితాంతం నిప్పు పక్కనే పనిచేస్తున్నాయన్న మాట. వాటిలో సగానికి పైగా పోయేదాకా పైకి ఏమీ తెలియదు. తెలిసిననాడు దాన్ని పార్కిన్సన్ జబ్బు అంటారు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దాన్ని వివరించాడు. ఆయుర్వేదంలో కంపవాతం అన్నారు. యునానీ హకీములు రాషా అన్నారు, ఇబ్ను సీనా కూడా తన వైద్య గ్రంథంలో నరాల జబ్బుల కింద వణుకు గురించి రాశాడు.

రవ్వలే ఈ కణాలను చంపగలవని కళ్లకు కట్టినట్టు చూపిన సంఘటన 1982లో కాలిఫోర్నియాలో జరిగింది. దొంగతనంగా తయారుచేసిన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు కొద్ది రోజుల్లోనే కొయ్యబారి, ముసలి పార్కిన్సన్ రోగుల్లా ఆస్పత్రికి వచ్చారు. డాక్టర్ లాంగ్‌స్టన్ బృందం వెతికితే ఆ మందులో ఎంపీటీపీ అనే కల్తీ దొరికింది. అది మెదడులోకి వెళ్లి, నల్లని చోటి కణాల్లో దూరి, మైటోకాండ్రియా పొయ్యిని మూసేస్తుంది. శక్తి ఆగిపోతుంది, రవ్వలు పెరుగుతాయి, కణం చస్తుంది. ఇది తెలిశాక శాస్త్రజ్ఞులకు ఇంకో ప్రశ్న వచ్చింది. మనుషులు మామూలుగా తాకే మందుల్లో ఇలాంటి పని చేసేవి ఉన్నాయా?

ఈ ప్రశ్న మన ఊరికి చాలా దగ్గరది. మనది మామిడి సీమ. తోతాపురి తోటల్లో, చెరకు మళ్లలో కూలికి మందు కొట్టేవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. గడ్డి మందుల్లో పారాక్వాట్ అనేది ఒకటి. అది ఒంట్లో చేరితే చేసే పనే రవ్వలు పుట్టించడం. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి దానికి అనుమతి లేదు. అమెరికాలో మందు కొట్టే రైతుల మీద చేసిన ఒక పరిశీలన 2011లో వెలువడింది. పారాక్వాట్ గాని, రోటినోన్ అనే పురుగుమందు గాని వాడినవారిలో పార్కిన్సన్ జబ్బు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అంటే మందు కొట్టిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని కాదు. చాలామందికి రాదు. జబ్బు వచ్చినవారిలో మందు తాకనివారూ ఎందరో. కాని అదే రైతుల సమూహాన్ని మళ్లీ పరిశీలించి 2015లో చెప్పిన సంగతి మనకు ఎంతో పనికొస్తుంది. చేతి తొడుగులు వేసుకున్నవారిలో పారాక్వాట్‌కూ ఈ జబ్బుకూ ఆ సంబంధం కనిపించలేదు.

ఒక జత రబ్బరు తొడుగుల ధర ఎంత? టానిక్కు ధరలో ఎన్నో వంతు? మా మాట మీకు అర్థమవుతున్నదనుకుంటాము. గాలికి ఎదురుగా కొట్టవద్దు. ఒట్టి చేత్తో మందు కలపవద్దు. ఒంటి మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలి. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయవద్దు. చేయి కడగకుండా బీడీ ముట్టించవద్దు. తోట యజమానులు ఈ సభలోనూ ఉన్నారు. కూలితోపాటు తొడుగులు, మాస్కు ఇవ్వడం తమ బాధ్యత అని వారు అనుకోవాలి.

పార్కిన్సన్‌కు మందు లేదా? ఉంది. ఆ మందు కథలో మన నేల కూడా ఉంది. పోయిన కణాలు తిరిగి రావు గాని, అవి చేసే డోపమిన్‌ను బయటి నుంచి కొంత అందించవచ్చు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేశాడు. ఆ రిసర్పిన్ మన సర్పగంధ వేరులో ఉండేదే. తరువాత ఎల్‌డోపా ఎక్కిస్తే అవి లేచి తిరిగాయి. ఈ జబ్బుతో చనిపోయినవారి మెదడులో డోపమిన్ బాగా తగ్గిపోయి ఉందని 1960లో వియన్నాలో తేలింది. న్యూయార్క్‌లో కోట్జియాస్ 1967లో డోపాను నోటి ద్వారా, మెల్లగా మోతాదు పెంచుతూ ఇచ్చి రోగులను నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదే ఎల్‌డోపా మన కంచెల మీద పాకే దూలగొండి గింజల్లో ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మద్రాసు శాస్త్రజ్ఞులు చూపారు. అప్పటికి కార్వేటినగరం కూడా మద్రాసు రాజధానిలోనిదే. తాకితే దురద పుట్టించే ఆ కాయ లోపల ఇంత మందు ఉందన్న మాట. లండన్‌లో 2004లో ఎనిమిదిమంది రోగుల మీద దూలగొండి పొడిని పరీక్షిస్తే, అది మాత్ర కంటే త్వరగా పనిచేసింది. ఇది విని గింజలు దంచి మింగవద్దని చేతులు జోడించి చెబుతున్నాము. ఒక గింజలో మందు ఎంతో, ఇంకో గింజలో ఎంతో చెప్పలేము. మోతాదు ఎక్కువైతే వాంతులు, రక్తపోటు పడిపోవడం, మతి భ్రమ వస్తాయి. మాత్రలో ఎల్‌డోపాతోపాటు కార్బిడోపా అనే తోడు మందు ఉంటుంది, అది మందు మెదడుకు చేరకముందే ఖర్చు కాకుండా కాపాడుతుంది. గింజలో ఆ తోడు లేదు.

ఈ మాత్ర విషయంలో మూడు జాగ్రత్తలు. పప్పు, మాంసం, గుడ్డు వంటి ప్రోటీను తిండితో కలిపి వేసుకుంటే మందు సరిగా ఎక్కదు, అన్నానికి అరగంట ముందు మంచిది. చేతిలో డబ్బు లేదనో, బాగుందనో ఒక్కసారిగా మానేయకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండాలనుకునే రోగి నెల ముందుగానే డాక్టరును, మన ఉలమాను ఇద్దరినీ అడగాలి. జబ్బు మనిషికి మన ధర్మంలో వెసులుబాటు ఉన్న సంగతి ఇంట్లోవాళ్లు గుర్తుచేయాలి. చెయ్యి వణుకుతున్నదని, సజ్దాకు వంగలేకపోతున్నానని మసీదుకు రావడం మానేసిన పెద్దలుంటారు. వారికి ఒక కుర్చీ, పక్కన ఒక మనిషి చాలు.

వణుకు ఒక్కటే గుర్తు కాదు. నడకలో అడుగులు చిన్నవి కావడం, ఒక చెయ్యి ఊగకపోవడం, రాత చిన్నదైపోవడం, ముఖంలో కదలిక తగ్గడం, వాసన తెలియకపోవడం, నిద్రలో కేకలు వేసి చేతులు విసరడం కూడా గుర్తులే. వణుకు ఉన్న ప్రతివారికీ ఈ జబ్బు ఉన్నట్టు కూడా కాదు. తల తిరుగుడుకు వాడే సినరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ వంటివి ముసలివాళ్లు నెలల తరబడి వాడితే ఇలాంటి కొయ్యబారడమే రావచ్చు. చాలామందికి ఆ మందు ఆపితే తగ్గుతుంది. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. తిరుపతిలో స్విమ్స్ ఉంది. ఇటు వేలూరు సీఎంసీ ఉంది, మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో డాక్టర్ జేకబ్ చాండీ అక్కడే మొదలుపెట్టారు. నరాల డాక్టరు మనకు అందనంత దూరంలో లేరు.

ఇప్పుడు మతిమరుపు సంగతి. ముసలితనంలో కొంత మరుపు సహజం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవచ్చు. తాళంచెవి దేనికో తెలియకపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, కన్న కొడుకును గుర్తుపట్టకపోవడం సహజం కాదు. అది డిమెన్షియా కావచ్చు. అందులో ఎక్కువగా కనిపించేది 1906లో జర్మనీ వైద్యుడు అల్జైమర్ వివరించిన జబ్బు. ఆ మెదళ్లలోనూ ఆక్సీకరణ దెబ్బ గుర్తులు కనిపిస్తాయి. అరవై దాటిన భారతీయుల్లో నూటికి సుమారు ఏడుగురికి, అంటే 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇది చాదస్తం కాదు, గాలి సోకడం కాదు, కోడలు చేసిన మందు అసలే కాదు. ఆ మాటలు పడుతున్న కోడళ్లు ఎందరో ఉన్నారు గనుక ఈ సభలో గట్టిగా చెబుతున్నాము.

మరుపు వచ్చిన వెంటనే డాక్టరుకు ఎందుకు చూపించాలి? అందులో కొన్ని తగ్గేవి ఉంటాయి. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, మనసు కుంగినా, కొన్ని వారాల కిందట జారిపడి తలలో రక్తం గడ్డకట్టినా మతి తప్పినట్టే ఉంటుంది. ఒక రక్తపరీక్షతో, ఒక స్కానుతో బయటపడి బాగయ్యే మనిషిని జబ్బు మనిషిగా మూల కూర్చోబెట్టడం పెద్ద అన్యాయం.

సరే, రవ్వల వల్లే ఇంత జరిగితే రవ్వలు ఆర్పే మాత్ర మింగితే పోతుంది కదా? శాస్త్రజ్ఞులు కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు, పరీక్షించారు. అమెరికా, కెనడాల్లో 800 మంది తొలిదశ పార్కిన్సన్ రోగుల మీద చేసిన పరీక్షలో విటమిన్ ఇ పెద్ద మోతాదులో ఇచ్చారు. అది జబ్బును నెమ్మదింపచేయలేదని 1993లో ప్రకటించారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు కొందరికి విటమిన్ ఇ, కొందరికి బీటా కెరోటిన్ ఏళ్ల తరబడి ఇచ్చారు. బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. అల్జైమర్ రోగుల్లో మాత్రం విటమిన్ ఇ పెద్ద మోతాదు రోజువారీ పనుల శక్తి తగ్గడాన్ని కొంత నెమ్మదింపచేసిందని 2014లో 613 మంది మీద చేసిన పరీక్ష చెప్పింది. జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. అది డాక్టరు చూసి ఇవ్వవలసిన మందు, అంగట్లో డబ్బా కొని తాగేది కాదు.

ఎందుకిలా జరిగింది? మింగినదంతా మెదడులో కావలసిన కణానికి, కావలసిన గదికి చేరదు. చేరేసరికి సగం కణాలు పోయి ఉంటాయి. ఇల్లు కాలిపోయాక బావి తవ్వినట్టు. పైగా ముందే చెప్పాము, రవ్వలతో ఒంటికి పని కూడా ఉంది. కాబట్టి తెలివి ఉన్నది రవ్వలు ఎక్కువగా లేవకుండా చూసుకోవడంలో.

రవ్వలను లేపేవి మనకు తెలిసినవే. అదుపులో లేని చక్కెర, రక్తపోటు, పొగాకు, కట్టెల పొగ. 2024లో ప్రపంచ నిపుణుల బృందం ఒకటి లాన్సెట్ పత్రికలో, మార్చుకోగలిగిన 14 కారణాలను చూసుకుంటే డిమెన్షియాలో దాదాపు 45 శాతం ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చు అని అంచనా వేసింది. ఆ జాబితాలో చక్కెర, బీపీ, పొగ తాగడం, కదలకుండా కూర్చోవడం, తల దెబ్బలు, చిన్నప్పటి చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం ఉన్నాయి. చెవి వినపడని దాదాను పలకరించడం మానేస్తే ఆయన మెదడు పని తగ్గుతుంది. ఆడపిల్లను పదో తరగతి దాకా చదివిస్తే, అరవై ఏళ్ల తరువాత ఆమె మెదడుకు అది అండ.

తిండి సంగతి కూడా అడుగుతారు. డబ్బాలో ఉన్నాయని చెప్పేవన్నీ సంతలో చవకగా ఉన్నాయి. ఆకుకూర, ఉసిరికాయ, జామకాయ, నేరేడు, గుప్పెడు వేరుశనక్కాయలు, రాగి సంగటి. పండుగ నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడవద్దు, కాగేకొద్దీ ఆక్సీకరణ చెందేది ఆ నూనే. బిర్యానీ పండుగకు తినండి, నడక రోజూ నడవండి. మసీదు దాకా నడిచి వెళ్లేవారికి ఈ నడక ఊరికే దొరుకుతున్నది.

పక్షవాతం గురించి ఒక్క మాట. అది వచ్చిందంటే మెదడులో ఒక భాగానికి ఆక్సిజన్ ఆగిందని. పెద్ద రక్తనాళం మూసుకుంటే ఒక్క నిమిషంలో సుమారు 19 లక్షల నరాల కణాలు పోతాయని లెక్క కట్టారు. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నూనె మర్దనకు, పావురం రక్తానికి పోకండి. 108కి ఫోను చేసి, స్కాను ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి. లక్షణం మొదలైన గంట గుర్తుపెట్టుకుని చెప్పండి.

చివరగా సంఘానికి మా విన్నపం. జకాత్ ఎవరికి చెల్లుతుందో చెప్పవలసింది ఉలమా. డబ్బు ఎక్కడ పనిచేస్తుందో మాత్రమే మేము చెప్పగలము. మా లెక్కలో అది పనిచేసే చోట్లు ఐదు. బీపీ మిషను, చక్కెర పరీక్ష పట్టీలు కొని, నెలకొక జుమా నాడు నమాజు తరువాత మసీదు వరండాలోనే అందరికీ చూడాలి, స్త్రీలకు విడిగా ఒక ఇంట్లో చూడాలి. బీపీ, చక్కెర, పార్కిన్సన్ మాత్రలు కొనలేని ఇళ్లకు నెల తప్పకుండా అందేలా చూడాలి, నడుమ ఒక్క వారం ఆగినా ప్రయోజనం పోతుంది. తిరుపతికో వేలూరుకో వెళ్లేవారికి బస్సు ఖర్చు, తోడు వెళ్లే ఒక యువకుడు కావాలి. మందు కొట్టే కూలీలకు తొడుగులు, మాస్కులు ఇవ్వాలి. చెవి మిషను, కళ్లద్దాలు లేని ముసలివారికి అవి ఇప్పించాలి.

ఆరవది డబ్బుతో అయ్యేది కాదు. మతిమరుపు మనిషిని చూసుకునే కోడలో, కూతురో, ముసలి భార్యో రాత్రింబవళ్లు నిద్ర లేకుండా ఉంటుంది. వారానికి రెండు గంటలు ఎవరైనా వెళ్లి ఆ పెద్దమనిషి దగ్గర కూర్చుంటే ఆమె కాస్త ఊపిరి తీసుకుంటుంది. ఆ పెద్దమనిషి ఒకే నమాజు రెండుసార్లు చదివినా, అడిగిందే పదిసార్లు అడిగినా విసుక్కోకండి. పదకొండోసారి కూడా మెల్లగా జవాబు చెప్పండి.

ఈ మాటలు ఇంటికి వెళ్లి అలమారా తెరిచినప్పుడు గుర్తు తెచ్చుకోండి. డబ్బా అయిపోతే మళ్లీ కొనకండి. మాత్ర అయిపోతే మాత్రం మరునాటిదాకా ఆగకండి, డబ్బు లేకపోతే సంఘానికి కబురు చేయండి.  అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, వారిని చూసుకునేవారికి ఓర్పును ప్రసాదించుగాక. వస్సలాం.